పాఠం: బండి లోపల అరిగిపోయిన గుర్తులను మన చేత్తోనే దిద్దుకుందాం

(‘ఆటో డ్రైవర్ల సేవలో’ పథకం లబ్ధిదారుల కోసం. మోటారు క్యాబ్, మ్యాక్సీ క్యాబ్ ఉన్నవారు తప్పక చదవండి. తోటి డ్రైవర్లకు కూడా పంపండి.)



రాత్రి పదకొండు గంటలు. హైవే మీద టైరు పంక్చర్ అయింది. బండి పక్కకు తీసి, మీరు వెనక డిక్కీలోంచి జాకీ తీస్తున్నారు. హజార్డ్ లైట్లు వేయడం మర్చిపోయారు. ముందు సీట్లో కూర్చున్న ప్రయాణికుడితో “సార్, ఆ ఎర్ర త్రికోణం బటన్ నొక్కండి” అని కేకేశారు. ఆయన వెతుకుతున్నాడు. అక్కడ నాలుగు నల్ల బటన్లు ఉన్నాయి. ఒక్కదాని మీద కూడా గుర్తు లేదు. వెనక నుంచి లారీ వస్తోంది.

మీ చేతికి అలవాటే కాబట్టి గుర్తు లేకపోయినా మీరు నొక్కగలరు. కానీ బండిలో మీరొక్కరే ఉండరు కదా. ప్రయాణికుడికి, మెకానిక్‌కు, రేపు బండి కొనుక్కునే వారికి దారి చూపేది ఆ చిన్న గుర్తులే. వాటిని తిరిగి రాసుకోవడం ఎలాగో ఈ పాఠంలో నేర్చుకుందాం.

ముందుగా, పథకం సంగతి రెండు ముక్కల్లో

ఈ పథకం మన రాష్ట్రంలో 2025 అక్టోబరు 4న మొదలైంది. సొంత బండి ఉండి, దాన్ని తామే నడుపుకునే ఆటో, మోటారు క్యాబ్, మ్యాక్సీ క్యాబ్ డ్రైవర్లకు ఏడాదికి రూ. 15,000 సాయం నేరుగా బ్యాంకు ఖాతాలో పడుతుంది. అంతకుముందు, 2019లో మొదలైన వాహన మిత్ర కింద ఏడాదికి రూ. 10,000 ఇచ్చేవారు.

బీమా, ఫిట్‌నెస్, టైర్లు, బ్రేకులు, ఇంజన్ ఆయిలు... ఇన్నిటి మధ్య ఆ పదిహేను వేలు ఎంతసేపు నిలుస్తాయో మీకు చెప్పక్కర్లేదు. అందుకే ఈ మాట: బ్రేకుల దగ్గర, టైర్ల దగ్గర పైసా తగ్గించకండి. మన చేత్తో చేసుకోగలిగిన చిన్న పనికి మాత్రం షాపులో వేలు పోయకండి. గుర్తులు అరిగాయని అడిగితే “అవి విడిగా దొరకవు, ప్యానెల్ మొత్తం మార్చాలి” అనే మాట వినిపిస్తుంది. స్విచ్ బాగా పనిచేస్తుంటే మార్చాల్సిన అవసరం లేదు. మూడు నాలుగు వందల రూపాయల సామాను, రెండు సాయంత్రాలు చాలు.

గుర్తులు ఎందుకు అరుగుతాయి?

చేతి చెమట, వేలిగోరు, ఎండ. వీటికి తోడు శానిటైజర్. కరోనా రోజుల్లో రోజుకు నాలుగుసార్లు శానిటైజర్‌తో తుడిచిన బటన్ల మీద గుర్తులు త్వరగా చెరిగిపోయాయి. అందులోని ఆల్కహాల్ మురికితో పాటు అచ్చు రంగును కూడా మెత్తబరుస్తుంది. ఇకపై డ్యాష్‌బోర్డును తడిపి గట్టిగా పిండిన గుడ్డతో తుడవండి, చాలు.

మొదటి పని: గుర్తు ఏ రకమో తెలుసుకోండి

రంగు వేసే ముందు ఇది తేల్చుకోవాలి. చాలామంది పని చెడేది ఇక్కడే. గుర్తులు మూడు రకాలు.

1. చెక్కిన గుర్తు: గోరుతో తడిమితే గాడి తగులుతుంది. గేర్ నాబ్ మీద అంకెలు, కొన్ని బండ్లలో ఏసీ నాబ్ మీద గీతలు ఇలా ఉంటాయి. ఇది అన్నిటికంటే తేలిక.

2. అచ్చు వేసిన గుర్తు: తడిమితే నున్నగా ఉంటుంది. పైన రంగు అచ్చు మాత్రమే ఉంటుంది. దీనికి చేతి నేర్పు కావాలి.

3. వెలిగే గుర్తు: చీకట్లో పార్కింగ్ లైటు వేసి చూడండి. గుర్తు లోపలి నుంచి వెలిగితే అది ఈ రకం. ఇక్కడ కింద తెల్లటి ప్లాస్టిక్, దాని మీద నల్ల పూత ఉంటాయి. ఆ పూతలో గుర్తు ఆకారాన్ని తొలిచి ఉంచుతారు. అరిగేది గుర్తు కాదు, చుట్టూ ఉన్న నలుపు. దీని మీద తెల్ల రంగు పూశారంటే పగలు అందంగా కనిపిస్తుంది, రాత్రి వెలగదు. అందుకని గుర్తును వదిలేసి, చుట్టూ పోయిన చోట మాత్రమే నలుపు దిద్దాలి.

కావాల్సిన సామాను

• నీళ్లలో కలిసే యాక్రిలిక్ రంగులు: తెలుపు, నలుపు, ఎరుపు, నీలం. స్టేషనరీ షాపులో చిన్న సీసాలు దొరుకుతాయి.
• అన్నిటికంటే సన్న బ్రష్. ‘సున్నా’ నంబరు లేదా అంతకంటే సన్నది అడగండి.
• మాస్కింగ్ టేప్, టూత్‌పిక్‌లు, ఇయర్ బడ్స్, పాత నూలు గుడ్డ.
• ఐపీఏ అనే ద్రవం, చిన్న సీసా. మొబైల్ రిపేరు వాళ్లు సర్క్యూట్ శుభ్రం చేసేది ఇదే.
• నీళ్లతో పనిచేసే మ్యాట్ వార్నిష్. మెరిసేది వద్దు, ఎండలో కళ్లలో కొడుతుంది.

వాడకూడనివి: పెట్రోలు, థిన్నర్, నెయిల్ పాలిష్, నెయిల్ పాలిష్ రిమూవర్. ఇవి ప్లాస్టిక్‌ను మెత్తబరిచి మచ్చ చేస్తాయి. వైట్‌నర్ కూడా వద్దు. ఎండిన తర్వాత పెళుసెక్కి రాలిపోతుంది. ఎండలో అద్దాలు మూసి ఉంచిన కారులో డ్యాష్‌బోర్డు వేడి అరవై డెగ్రీలు దాటుతుందని మర్చిపోకండి.

పని చేసే పద్ధతి

చివరి ట్రిప్పు అయ్యాక, నీడలో, తలుపులు తెరిచి పెట్టుకుని కూర్చోండి. తాళం తీసేయండి.

1. ముందు ఫోటో తీయండి. మిగిలిన గుర్తు ఎంత ఉన్నా సరే, దగ్గర నుంచి ఫోన్‌లో ఫోటో ఉండాలి. పూర్తిగా పోయి ఉంటే మీ బండి మాన్యువల్‌లోని బొమ్మ చూడండి, లేదా అదే మోడల్ బండి ఉన్న తోటి డ్రైవర్ దగ్గర ఫోటో తీసుకోండి.

2. స్విచ్ పనిచేస్తుందో లేదో చూడండి. హజార్డ్ నొక్కితే నాలుగు లైట్లూ వెలగాలి. వెలగకపోతే ముందు ఎలక్ట్రీషియన్ పని, తర్వాతే రంగు. గుర్తు రాసినంత మాత్రాన రిపేరు అయినట్టు కాదు.

3. శుభ్రం చేయండి. చెక్కిన గుర్తయితే ఇయర్ బడ్‌కు ఐపీఏ కొంచెం అద్ది గాడిలోని జిడ్డు తీయండి. సగం మిగిలిన అచ్చు గుర్తయితే ఐపీఏ వద్దు, ఉన్నది కూడా పోతుంది. సబ్బు నీళ్ల గుడ్డ చాలు. ద్రవాన్ని ఎప్పుడూ స్విచ్ మీద నేరుగా పోయకండి.

4. టేప్ వేయండి. స్విచ్ చుట్టూ ఉన్న సందును టేప్‌తో మూయండి. రంగు సందులోకి దిగితే బటన్ అంటుకుపోతుంది.

5. చెక్కిన గుర్తుకు: గాడిలో రంగు నింపండి. పక్కలకు అంటినా ఫరవాలేదు. రెండు మూడు నిమిషాలు ఆగి, పాత ఏటీఎం కార్డుకు కొద్దిగా తడిపిన గుడ్డ చుట్టి, గాడికి అడ్డంగా తుడవండి. పైన అంటింది పోతుంది, లోపల ఉన్నది నిలుస్తుంది. వేలికి గుడ్డ చుట్టి తుడిస్తే మాత్రం లోపలి రంగు కూడా లేచి వచ్చేస్తుంది. ఒకసారికి నిండకపోతే ఆరాక మళ్లీ వేయండి.

6. అచ్చు గుర్తుకు: గీత లాగకండి, చుక్కలు పెట్టండి. టూత్‌పిక్ మొనతో చుక్క పక్కన చుక్క పెట్టుకుంటూ పోతే అవే కలిసి గీత అవుతుంది. చేయి వణకకుండా చిటికెన వేలిని ప్యానెల్ మీద ఆనించండి. గోడల మీద, లారీల మీద అక్షరాలు రాసే పెయింటర్లు చేతి కింద కర్ర ఆనించుకుంటారే, అదే కిటుకు. ముందు ఏదైనా పాత డబ్బా మూత మీద పదిసార్లు రాసి చూడండి.

7. పలుచగా రెండుసార్లు వేయండి. మందంగా ఒకేసారి వేస్తే ఊడి వస్తుంది. రెండు పూతల మధ్య అరగంట ఆగండి. పది నిమిషాలకోసారి స్విచ్‌ను నొక్కి చూడండి, అంటుకోకుండా ఉంటుంది.

8. రాత్రంతా ఆరనివ్వండి. రెండో సాయంత్రం మ్యాట్ వార్నిష్ ఒక్క పూత వేయండి. అది కూడా గుర్తు మీద మాత్రమే. మళ్లీ రాత్రంతా ఆరాలి.

తప్పు పడిందా? కంగారు పడకండి. రంగు తడిగా ఉన్నప్పుడే తడి ఇయర్ బడ్‌తో తుడిచేస్తే పోతుంది.

తప్పు గుర్తు రాయడం కంటే గుర్తు లేకపోవడమే మేలు

ఈ గుర్తులు మన ఇష్టం వచ్చినట్టు వేసుకునే బొమ్మలు కావు. వాహనాల గుర్తులకు ఐఎస్ఓ 2575 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. ఈ నాలుగూ జాగ్రత్తగా చూసుకోండి:

• గేర్ నాబ్: రివర్స్ గేరు అన్ని బండ్లలో ఒకే చోట ఉండదు. కొన్నిటిలో ఎడమ పైన, కొన్నిటిలో కుడి కింద. వేరే బండిని చూసి రాయకండి. మీ బండిలో వేసి చూసి రాయండి.
• అద్దాల ఆవిరి తీసే గుర్తులు: ముందు అద్దానికి వంపు ఉన్న ఆకారం, వెనక అద్దానికి దీర్ఘ చతురస్రం. రెండింటిలోనూ పైకి పోయే అలల బాణాలు ఉంటాయి.
• గాలి గుర్తులు: కారు బొమ్మ లోపలే బాణం తిరిగితే లోపలి గాలి, బయటి నుంచి బాణం వస్తే బయటి గాలి. ఇవి తారుమారైతే వానలో అద్దాలకు ఆవిరి పట్టి దారి కనిపించదు.
• వేడి, చల్లదనం: చల్లటి వైపు నీలం, వేడి వైపు ఎరుపు.

తెలుగులో రాసుకోవచ్చా?

తప్పకుండా. కానీ గుర్తుకు బదులుగా కాదు, గుర్తు పక్కన. వెనక సీటు దగ్గర ‘అద్దం’, ఏసీ దగ్గర ‘చల్లన’ అని ఉంటే పెద్దవాళ్లు మిమ్మల్ని పదేపదే అడగక్కర్లేదు. ఒక్క జాగ్రత్త: మన అక్షరాలు గుండ్రటివి. మరీ చిన్నగా రాస్తే లోపలి ఖాళీ పూడిపోయి, తలకట్టు, ఒత్తు అన్నీ ముద్ద అవుతాయి. అక్షరం ఐదు మిల్లీమీటర్లకు తగ్గకుండా చూసుకోండి. ఒత్తులు లేని చిన్న మాట దొరికితే మరీ మంచిది.

వీటి జోలికి వెళ్లకండి

✗ ఎయిర్‌బ్యాగ్ మూతలు: స్టీరింగ్ మధ్యలో, డ్యాష్‌బోర్డు మీద, కొన్ని బండ్లలో సీటు పక్కన ఉంటాయి. వాటి మీద రంగు, స్టిక్కర్, బొమ్మ ఏవీ వద్దు.
✗ సీటు బెల్టు పట్టీ, దాని బకిల్: రంగు లోపలికి దిగితే పట్టు దెబ్బతింటుంది.
✗ స్పీడు మీటరు, కిలోమీటర్ల అంకెలు: వాటిని అసలు విప్పకండి.
✗ పెడళ్ల రబ్బర్లు: రంగు పడితే కాలు జారుతుంది.
✗ పానిక్ బటన్: 2019 జనవరి 1 నుంచి రిజిస్టరైన కొత్త ట్యాక్సీలకు ఇది తప్పనిసరి. రాత్రిపూట ఒంటరిగా ప్రయాణించే ఆడపిల్లకు ఇదే ధైర్యం. బటన్ మీద రంగు వేయకండి. సీటు కవర్ దాన్ని కప్పేస్తుంటే ఈరోజే సరిచేయండి. అక్షరాలు చెరిగిపోతే పక్కన చిన్న లేబుల్ అంటించండి.

మీరు అడిగే ప్రశ్నలు

ప్రశ్న: నాది ఆటో. నాకు ఈ పాఠం ఉపయోగమా?
జవాబు: ఉపయోగమే. హెడ్‌లైటు, ఇండికేటర్ స్విచ్‌ల గుర్తులు ఆటోలో కూడా అరుగుతాయి. వాన తడి తగులుతుంది కాబట్టి వార్నిష్ రెండు పూతలు వేయండి.

ప్రశ్న: ఎన్నాళ్లు నిలుస్తుంది?
జవాబు: చెక్కిన గుర్తులో రంగు ఎక్కువ కాలం ఉంటుంది. అచ్చు గుర్తు చేయి తగిలే కొద్దీ అరుగుతుంది. ఏడాదికోసారి ఫిట్‌నెస్, బీమా కాగితాలు చూసుకునే రోజునే ఇది కూడా చూసుకోండి, మర్చిపోరు.

ప్రశ్న: చూపు ఆనడం లేదు, నేను చేయలేను.
జవాబు: ఇంట్లో ముగ్గు బాగా వేసేవాళ్లు, మెహెందీ పెట్టేవాళ్లు ఉంటే అడగండి. చుక్క పెట్టడంలో వాళ్ల చేయి మనకంటే నిలకడ. ఏ గుర్తు ఎక్కడ రాయాలో మాత్రం పక్కనుండి మీరే చెప్పండి.

ఈరోజే చేయాల్సిన పని

ఈ రాత్రి బండి ఆపాక, ఇంట్లో వాళ్లను ఒకరిని ముందు సీట్లో కూర్చోబెట్టండి. “హజార్డ్ లైటు వేయి, ముందు అద్దం ఆవిరి తీయి, నీ వైపు అద్దం దించు” అని చెప్పండి. మీరు వేలు పెట్టి చూపించకండి. వాళ్లు ఎక్కడ తడబడితే అక్కడ మీ బ్రష్‌కు పని ఉన్నట్టు.

పథకం గురించి ఏ సందేహం ఉన్నా మీ సచివాలయంలో అడగండి. సాయం సొమ్ము కోసం ఫోన్‌లో ఎవరు ఓటీపీ అడిగినా చెప్పకండి.

క్షేమంగా నడపండి. క్షేమంగా ఇంటికి చేరండి.