కిలో ముద్గరం నిజంగా కిలోయేనా?

సందేహాలు – సమాధానాలు

ఇండియన్ క్లబ్బుల గురించి, అంటే వ్యాయామం కోసం తిప్పే మన ముద్గరాల గురించి ఉత్తరాలు బాగా వస్తున్నాయి. ఎక్కువమంది అడిగిన ప్రశ్నలను ఏరి ఇక్కడ జవాబులు ఇస్తున్నాం. ఎవరికైనా మొదటి ప్రశ్న బరువు గురించే కాబట్టి దానితోనే మొదలుపెడదాం.

ప్రశ్న: నా వయసు 46. రోజంతా కంప్యూటర్ ముందు పని. సాయంత్రానికి మెడ, భుజాలు పట్టేస్తున్నాయి. ఫోన్లో ముద్గరాలు తిప్పేవాళ్ల వీడియోలు చూసి నాకూ మోజు పుట్టింది. మొదట ఎంత బరువున్నవి తీసుకోవాలి? కిలో అంటే మరీ పిల్లల ఆటలా ఉండదూ? – బ్యాంకు ఉద్యోగి, వరంగల్

సమాధానం: ఒక్కోటి అరకిలో నుంచి కిలో లోపు ఉండే జత చాలు. కిలో ముద్గరం మీరు పట్టుకుని నిలబడినంతసేపే కిలో. తిప్పడం మొదలుపెట్టగానే లెక్క మారిపోతుంది. చెయ్యి బారుగా చాచి తిప్పుతున్నారనుకోండి. మీ భుజం నుంచి ముద్గరం బరువంతా ఉండే చోటికి 95 సెంటీమీటర్ల దాకా దూరం ఉంటుంది. రెండు సెకన్లకు ఒక చుట్టు చొప్పున తిప్పితే, ముద్గరం కిందికొచ్చే క్షణంలో భుజం మీద పడే లాగుడు సుమారు రెండు కిలోలు. సెకనుకో చుట్టు తిప్పితే అదే కిలో ముద్గరం దాదాపు అయిదు కిలోల బరువై లాగుతుంది. వేగం రెట్టింపైతే తిప్పడం వల్ల పుట్టే లాగుడు నాలుగింతలవుతుంది మరి.

అందుకే బరువు పెంచకుండానే ఈ వ్యాయామాన్ని తేలిక చేసుకోవచ్చు, కష్టతరమూ చేసుకోవచ్చు. ఇంకో సంగతి. కండలు కొన్ని వారాల్లోనే బలపడతాయి. వాటిని ఎముకలకు కలిపే స్నాయువులు గట్టిపడటానికి నెలలు పడుతుంది. 'ఇంకా మొయ్యగలను' అని కండ చెబుతున్నా స్నాయువు ఇంకా సిద్ధపడి ఉండదు. మొదట్లో దెబ్బలు తగిలేది చాలావరకు ఈ తేడా వల్లే.

మీ మెడ సంగతి. చేతులు తల మీదికి, వీపు వెనక్కి వెళ్లి తిరిగి రావడం వల్ల కుర్చీలో బిగుసుకున్న భుజాలకు మంచి కదలిక దొరుకుతుంది. అంతమాత్రాన రోజంతా కుర్చీకి అతుక్కుపోవచ్చని కాదు, అరగంటకోసారి లేచి తిరగండి. నొప్పి భుజం దాటి వేళ్లలోకి పాకుతున్నా, తిమ్మిరి ఎక్కుతున్నా ముందు డాక్టరుకు చూపించండి.

ప్రశ్న: మా ఊళ్లో ఇవి దొరకవు. వడ్రంగి చేత చేయించుకోవచ్చా? నీళ్ల సీసాలతో తిప్పితే సరిపోదా? – రైతు, తెనాలి దగ్గరి పల్లె

సమాధానం: నిక్షేపంగా చేయించుకోవచ్చు. లేత్ యంత్రం ఉన్న వడ్రంగి అయితే పని సులువు. పొడవు 50 సెంటీమీటర్లు, అడుగున లావు 8 సెంటీమీటర్లు, పైకి వచ్చేకొద్దీ సన్నబడి పిడి దగ్గర 3 సెంటీమీటర్లు ఉండాలి. పిడి చివర చెయ్యి జారకుండా చిన్న గుబ్బ తప్పనిసరి. టేకుతో ఈ కొలతలకు చేయిస్తే ఒక్కోటి ముప్పాతిక కిలో అటూ ఇటూగా వస్తుంది. పగుళ్లు, ముడులు లేని ఎండిన చెక్క చూసుకోండి. రెండింటినీ తూకం వేయించి బరువు సమానంగా ఉండేట్టు చిత్రిక పట్టించండి. పిడికి వార్నిష్ వద్దు, చెమటకు జారుతుంది.

సీసాలతో చిక్కు ఏమిటంటే, సగం నింపితే లోపల నీళ్లు అటూ ఇటూ కదిలి ఊపు చెడగొడతాయి. పైగా మూత దగ్గర పట్టు చాలదు. తప్పదంటే అరలీటరు సీసాను ఖాళీ లేకుండా నీళ్లతో నింపి, మెడ దగ్గర గుడ్డ చుట్టి, ఊయల ఊపు (తర్వాతి జవాబులో చెప్పిన మొదటిది) వరకే వాడుకోండి. తల మీదికి తీసుకెళ్లకండి.

ప్రశ్న: వీడియో చూసి హాల్లో మొదలుపెట్టాను. మొదటిరోజు ఫ్యాన్ రెక్క వంగింది, రెండోరోజు నా తలకే తగిలింది. అసలు ఏ వరసలో నేర్చుకోవాలి? – సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, హైదరాబాద్

సమాధానం: ఫ్యాన్ తప్పేమీ లేదు. మీరు అయిదడుగుల ఏడంగుళాల మనిషైతే, పైకెత్తిన చేతికి అరమీటరు ముద్గరం కలిపితే రెండున్నర మీటర్ల ఎత్తు దాటుతుంది. చాలా ఇళ్లలో ఫ్యాన్ రెక్కలు ఉండేది ఆ ఎత్తులోనే. డాబా మీదకో ఖాళీ స్థలంలోకో వెళ్లండి. మీకు రెండు పక్కలా కలిపి కనీసం పదడుగుల వెడల్పు కావాలి. పిల్లలు, కుక్కలు దరిదాపుల్లో ఉండకూడదు.

ఇక వరస. పాదాలు భుజాలంత ఎడంగా పెట్టి, మోకాళ్లు బిగించకుండా నిలబడండి. గుబ్బ చిటికెనవేలి పక్కన ఆనేలా పిడి పట్టుకోండి. మొదటి నాలుగు వారాలు ఒకే ముద్గరం, ఒకసారికి ఒకే చెయ్యి.

మొదటిది ఊయల. చెయ్యి వదులుగా వేలాడదీసి, శరీరానికి ముందు కుడి ఎడమలకు ఊపండి. ముద్గరం ఎక్కడ ఆగి వెనక్కి మళ్లుతోందో తెలిసేదాకా ఇదే.

రెండోది బయటి చుట్టు. కుడిచెయ్యిని పక్కకు, అక్కడినుంచి తల మీదికి తీసుకెళ్లి, ఎడమవైపుగా ముఖం ముందునుంచి కిందికి దించాలి. దీన్నే తిరగేస్తే లోపలి చుట్టు. చేతికి పదేసి చొప్పున చేయండి. ఎదురుగా గోడ ఉందని, ముద్గరం కొస ఆ గోడ మీద సున్నా గీస్తోందని ఊహించుకోండి. సున్నా ముందుకో వెనక్కో ఒరిగితే మీ నడుము వంగుతోందన్నమాట.

మూడోది వెనక చుట్టు. తలకు తగిలేది ఇక్కడే. చెయ్యి తల మీదికి రాగానే మోచేతిని చెవి పక్కన ఎత్తిపట్టి, ముద్గరాన్ని భుజం వెనక్కి వదిలేయాలి. అది వీపు వెనక చిన్న చుట్టు తిరిగి పైకి వచ్చాక చెయ్యి చాచి దించాలి. మోచెయ్యి ముందుకు జారిపోతే ముద్గరం తలకు దగ్గరవుతుంది. మీకు జరిగింది అదే కావచ్చు. ముందు ముద్గరం లేకుండా, తర్వాత చుట్టిన వార్తాపత్రికతో చేసి చూడండి. ఈ చుట్టును మూడో, నాలుగో వారాల్లో నేర్చుకుంటే చాలు.

అయిదో వారం నుంచి రెండు ముద్గరాలు. మొదట రెండూ ఒకే దిక్కుకు, తర్వాత ఎదురెదురుగా, ఆఖరున ఒకదాని వెనక ఒకటి. వారానికి నాలుగు రోజులు, రోజుకు పది నిమిషాలు మించనక్కర్లేదు.

ప్రశ్న: మా ఆయన చేయించుకుని నాలుగు రోజులు తిప్పి అటక మీద పడేశారు. నేను తిప్పుతానంటే 'ఆడవాళ్లకెందుకు ఆ గదలు' అని మా అత్తగారు నవ్వుతున్నారు. నిజంగా ఆడవాళ్లకు పనికిరావా? – గృహిణి, రాజమహేంద్రవరం

సమాధానం: అటక మీదినుంచి దించండమ్మా. డొనాల్డ్ వాకర్ అనే ఇంగ్లీషు రచయిత 1834లో మగవాళ్ల వ్యాయామాల మీద వేసిన పుస్తకంలో భారతదేశపు ముద్గరాలను పరిచయం చేశాడు. ఆ వెంటే స్త్రీల వ్యాయామాల కోసం వేరే పుస్తకం రాసి, అందులోనూ తేలికైన ముద్గరాల సాధనను చేర్చాడు. ఇవాళ ఒలింపిక్స్ రిథమిక్ జిమ్నాస్టిక్స్‌లో క్లబ్బులు తిప్పేది అమ్మాయిలే. మీ అత్తగారికి ఒకసారి ఆ పోటీ చూపించండి.

ఆయన కోసం చేయించినవి కిలో దాటితే మీకు వేరే జత మంచిది. బరువు మాట అటుంచి, పిడి మీ గుప్పిట్లో ఇమడాలి. చీర కొంగు, గాజులు, మెడలో గొలుసు, వదులు జడ ముద్గరానికి చిక్కుకుంటాయి. అవన్నీ సర్దుకుని మొదలుపెట్టండి. కాన్పయిన కొత్తలోనో, ఏదైనా ఆపరేషన్ తర్వాతనో అయితే డాక్టరు సరేనన్నాకే.

ప్రశ్న: నాకు 58 ఏళ్లు. పన్నెండేళ్లుగా షుగరు. ఎడమ భుజం బిగుసుకుపోయి జుట్టు దువ్వుకోవడం కూడా కష్టంగా ఉంది. ముద్గరాలు తిప్పితే వదులవుతుందని ఒకరు చెప్పారు. – విశ్రాంత ఉద్యోగి, కర్నూలు

సమాధానం: ఇప్పుడు వద్దండి. షుగరు ఉన్నవాళ్లలో భుజం బిగుసుకుపోవడం తరచుగా కనిపించేదే. మొదట నొప్పి, తర్వాత బిగుతు, ఆ తర్వాత మెల్లగా సడలడం ఇలా సాగుతుంది, ఒక్కోసారి ఏళ్లు పడుతుంది. నొప్పి దశలో బరువు ఊపితే మంట పెరుగుతుంది. ఫిజియోథెరపిస్టు సలహా మీద, ముందుకు వంగి ఖాళీ చేతిని మెల్లగా ఊపడం, గోడ మీద వేళ్లతో పైపైకి పాకించడం వంటివి చేయండి.

ముద్గరం పట్టే రోజు వచ్చిందో లేదో మీరే పరీక్షించుకోవచ్చు. చెయ్యి నొప్పి లేకుండా చెవిని ఆనేదాకా లేవాలి, అరచెయ్యి మెడ వెనక్కి చేరాలి. ఈ రెండూ కుదిరాక అరకిలోతో ఊయల మొదలుపెట్టండి. షుగరు వల్ల కంటి వెనక పొరలో రక్తస్రావం ఉందని చెప్పినా, రక్తపోటు అదుపులో లేకపోయినా ముందు డాక్టరు అనుమతి కావాలి. ఇన్సులిన్ తీసుకునేవాళ్లయితే ఖాళీ కడుపున చేయకండి.

ప్రశ్న: జిమ్‌లో అరవై కిలోలు ఎత్తుతాను. కిలో, రెండు కిలోలు ఎందుకని నేరుగా ఆరు కిలోల జత తెప్పించాను. మూడు వారాలకే మోచేతి బయటి పక్క నొప్పి. ఇంతకంటే బరువైనవి పహిల్వాన్లు తిప్పడం లేదా? – కానిస్టేబుల్ పరీక్షకు సిద్ధమవుతున్న యువకుడు, కరీంనగర్

సమాధానం: తిప్పుతున్నారు. కాశీలోని కుస్తీ అఖాడాల్లో పెద్ద జోడీలు (బరువైన ముద్గరాల జతలు) ఉంటాయి, నాగపంచమికి గద, జోడీ పోటీలు పెడతారు. కాకపోతే అక్కడి పహిల్వాను చిన్నప్పటి నుంచి గురువు కళ్ల ముందు మెట్టు మెట్టుగా ఎక్కి వచ్చినవాడు. మీరు జిమ్‌లో ఎత్తే అరవై కిలోలు నిటారుగా పైకి వెళ్లి నిటారుగా కిందికి వస్తాయి. ముద్గరం ప్రతి క్షణం దిక్కు మారుస్తూ చేతిలోంచి జారిపోవాలని చూస్తుంది. దాన్ని ఆపడానికి మీరు పిడిని బిగించి పట్టారు, ముంజేతి కండరాలు విరామం లేకుండా బిగుసుకున్నాయి, వాటి స్నాయువు అతుక్కునే మోచెయ్యి మొరపెట్టుకుంది.

కనీసం రెండు వారాలు ఆపండి. నొప్పి తగ్గకపోతే డాక్టరుకు చూపించండి. తగ్గాక కిలో జతతో మళ్లీ మొదలుపెట్టండి. ముద్గరం పైనున్నప్పుడు పట్టు వదులు చేయాలి, కిందికొచ్చేటప్పుడు మాత్రమే బిగించాలి. ఊపు మణికట్టు నుంచి కాదు, పాదాలు, నడుము, భుజం నుంచి రావాలి. అయిదు నిమిషాలు ఆగకుండా, రెండు ముద్గరాలు ఒకదానికొకటి తగలకుండా, ఆఖరి నిమిషం కూడా మొదటి నిమిషమంత నిదానంగా తిప్పగలిగితే పావుకిలోనో అరకిలోనో పెంచండి. ఆరు కిలోలవి అమ్మకండి, ఏదో ఒక రోజు పనికొస్తాయి.

ప్రశ్న: ఒలింపిక్స్‌లో ఈ పోటీ ఉండేదని విన్నాను. నిజమా? మన అఖాడా వస్తువు అక్కడిదాకా ఎలా వెళ్లింది? – డిగ్రీ విద్యార్థి, శ్రీకాకుళం

సమాధానం: నిజమే. 1904 సెయింట్ లూయిస్, 1932 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో జిమ్నాస్టిక్స్ కింద క్లబ్ స్వింగింగ్ పోటీ జరిగింది. మొదటిసారి ఎడ్వర్డ్ హెన్నిగ్, రెండోసారి జార్జ్ రాత్ గెలిచారు. ఇద్దరూ అమెరికన్లే. మన దేశంలో పనిచేసిన బ్రిటిష్ సైనికాధికారులు ఇక్కడి సిపాయిలు, మల్లులు తిప్పుతుంటే చూసి నేర్చుకుని ఇంగ్లండుకు తీసుకెళ్లారు. అక్కడినుంచి అమెరికా చేరింది. న్యూయార్క్‌లో సిమ్ కెహో 1866లో ఏకంగా దీని మీదే పుస్తకం వేశాడు. అక్కడివాళ్లు ముద్గరాన్ని తేలిక చేసి, చుట్ల రకాలు పెంచారు. అదే తేలిక రూపం డ్రిల్లుగా మళ్లీ మన బడులకు వచ్చింది. మద్రాసులో 1920లో హ్యారీ బక్ మొదలుపెట్టిన వైఎంసీఏ వ్యాయామ కళాశాల వంటి చోట్ల శిక్షణ పొందిన డ్రిల్లు మాస్టార్లు తెలుగు బడుల్లోనూ పనిచేశారు. ఇరాన్‌లో జూర్‌ఖానా అనే వ్యాయామశాలల్లో 'మీల్' పేరుతో ఇలాంటివే తిప్పుతారు. ఆ సంప్రదాయానికి 2010లో యునెస్కో గుర్తింపు వచ్చింది.

అంటే ఇవాళ మన ముందు రెండు దారులున్నాయి. అఖాడా వాళ్ల బరువు దారి బలానిది. డ్రిల్లు వాళ్ల తేలిక దారి కీళ్ల కదలికది, లయది. రెండో దారిలో నడక వచ్చినవాళ్లు మొదటి దారి ఎక్కడం సులువు.

ప్రశ్న: ముద్గరాలు తిప్పితే ఇక వేరే వ్యాయామం అక్కర్లేదా? ఎప్పుడు తిప్పాలి? – ఉపాధ్యాయుడు, ఖమ్మం

సమాధానం: అక్కర ఉంది. ముద్గరాలు భుజాలకు, వీపు పైభాగానికి, పట్టుకు మంచివి. కాళ్లకు వాటివల్ల ఒరిగేది తక్కువ. అఖాడాల్లో జోడీతో పాటు దండీలు, బస్కీలు తప్పకుండా తీయించేది అందుకే. పెద్దలకు వారానికి 150 నిమిషాలైనా ఒక మోస్తరు శ్రమ, రెండు రోజులు కండలకు పని కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. నడకతో మొదటిది తీరుతుంది. రెండోదానికి పది నిమిషాల ముద్గరాలు, రెండు విడతల బస్కీలు, ఒక విడత దండీలు పెట్టుకోండి. పొద్దున్నో సాయంత్రమో మీ ఇష్టం, భోజనం చేసిన రెండు గంటల తర్వాతైతే చాలు. చేతులు చెమట పట్టి పిడి జారుతుంటే అక్కడితో ఆపి తుడుచుకోండి. ఇంకో పది చుట్లు తిప్పి లెక్క పూర్తిచేయాలన్న పంతం వద్దు, జారిన ముద్గరం ఎక్కడ పడుతుందో ఎవరూ చెప్పలేరు.