పాత గోడ, క్రొత్త పూత

హైటెక్ సిటీలో ఉద్యోగము చేయు మన బిడ్డలను చూడబోయినప్పుడు అచ్చటి గాజు మేడలకు ఆశ్చర్యపడుదుము. అదే నగరమందు కోఠీలో మరియొక కట్టడము చూడదగినది. బ్రిటిషు రెసిడెంటు జేమ్స్ కిర్క్‌పాట్రిక్ కట్టించిన ఆ రెసిడెన్సీ భవనము విక్టోరియా రాణి పుట్టుకకు ముందటిది. 1949 నుండి అందు స్త్రీల కళాశాల నడిచెను. కాలక్రమమున అది శిథిలమాయెను. 2002లో వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ అను సంస్థ దానిని ఆపదలోనున్న కట్టడముల జాబితాలో చేర్చెను. ఓపికతో బాగుచేసి 2023లో మరల తలుపులు తెరచిరి.

మన గ్రామములలోను మిషనువారు సున్నముతో కట్టిన గుడులు, బంగళాలు కలవు. గోడకు చెమ్మ కనబడగానే సిమెంటు పూయుదుము. మేమును ఒక పాత బంగళాకు అట్లే చేయించితిమి. మూడు వానకాలములకే పెచ్చులూడి, ఇటుక పొడియై రాలెను.

కారణమేమి? సున్నపు గోడ చెమ్మను పీల్చి మరల గాలికి విడుచును. సిమెంటు ఆ దారిని మూయును. నీరు లోపలనే నిలిచి ఇటుకను తినివేయును.

కావున మొదట కప్పు కారుచున్నదేమో, గోడమొదట నీరు నిలుచుచున్నదేమో చూడవలెను. పిదప సిమెంటును మెల్లగా తొలగించి, నానిన సున్నము, ఇసుక కలిపి పలుచని పొరలుగా పూయవలెను. చెడిన దూలమునే మార్చి, మంచిదానిని ఉంచవలెను.

నెహెమ్యా గోడ కట్టకమునుపు రాత్రివేళ తిరిగి దానిని పరిశీలించెను. ఈ వేసవిలో సంఘపెద్దలు మేస్త్రీని పిలువకమునుపే తమ పాత గుడిని అట్లే చుట్టి చూతురుగాక.