డిక్రీ చేతికొచ్చిన తరువాత
(బి.యస్సీ., చివరి సంవత్సరం విద్యార్థి)

కోర్టులో ఓడినవాడు అక్కడే ఏడిస్తే, గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడుస్తాడని మన పల్లెల్లో ఒక మాట ఉన్నది. చిన్నప్పుడు దీన్ని హాస్యం అనుకొనేవాణ్ణి. మా ఇంట్లోనే ఒక డిక్రీ ట్రంకుపెట్టెలో ఏడేళ్లు పడివున్న తరువాతగాని అందులోని నిజం బోధపడలేదు. సైన్సు విద్యార్థికి న్యాయశాస్త్రంతో ఏమి పని అని మిత్రులు అడగవచ్చు. పని ఎలా పడిందో ముందు చెబుతాను.

మా నాన్నగారు ఒక మిర్చి కమిషన్ వ్యాపారికి సరుకు వేశారు. డబ్బు రాలేదు. దావా వేస్తే 2018 జనవరిలో రూ. 1,80,000కు డిక్రీ వచ్చింది. ఆనాటి నుంచి నూటికి ఏడాదికి 6 రూపాయల వడ్డీ. ఊళ్లో స్వీట్లు పంచాము. ఆ తరువాత ఒక్క రూపాయి కూడా చేతికి రాలేదు. 2025 సంక్రాంతి సెలవుల్లో ఒకాయన మోటారుసైకిలు మీద మా ఇంటికి వచ్చి, "ఆ డిక్రీ నాకు రాసిచ్చెయ్యండి, అరవై వేలు ఇప్పుడే చేతిలో పెడతాను" అన్నాడు. వడ్డీతో కలిపి అప్పటికి రావలసింది రూ. 2,55,600. అంటే పావు వంతుకన్నా తక్కువ. ఆయన వెళ్లాక నాన్నగారు నా వైపు చూసి, "ఏరా, నీ డిగ్రీ సంగతి సరే, ముందు నా డిక్రీ సంగతేమిటో చూసిపెట్టు" అన్నారు. ఆ సెలవులు నాకు అలా గడిచాయి. నేను తెలుసుకొన్నది ఇక్కడ రాస్తున్నాను.

డిక్రీ అంటే డబ్బు కాదు

భౌతికశాస్త్ర భాషలో చెప్పాలంటే డిక్రీ స్థితిశక్తి వంటిది. చెరువులో నీళ్లున్నాయి గాని, తూము ఎత్తితేనే చేనుకు పారుతాయి. ప్రతివాది ఫలానా మొత్తం బాకీ ఉన్నాడని కోర్టు తేల్చి చెబుతుంది. అంతేగాని కోర్టు తనంత తాను వెళ్లి ఆ డబ్బు వసూలు చేసి పెట్టదు. గెలిచినవాడే మళ్లీ అర్జీ పెట్టుకోవాలి. దానినే కోర్టుల్లో ఇ.పి. అంటారు, అంటే ఎగ్జిక్యూషన్ పిటిషన్. డిక్రీ అమలుకు సంబంధించిన నిబంధనలు ముఖ్యంగా సివిల్ ప్రొసీజర్ కోడ్, 1908లోని ఆర్డర్ 21లో ఉన్నాయి. ఆ కోడ్‌లోని ఆర్డర్లన్నిటిలోకీ పెద్దది అదే.

మన దేశంలో కక్షిదారు కష్టాలు డిక్రీ వచ్చాకనే మొదలవుతాయన్న అర్థం వచ్చే మాట 1872లోనే ప్రీవీ కౌన్సిల్ ఒక తీర్పులో అన్నది. నూటయాభై ఏళ్లు దాటినా ఆ మాటకు కాలం చెల్లలేదు. ఇ.పి. వేసిన ఆరు నెలల్లో అమలు ముగించాలని, ఆలస్యమైతే కారణాలు రాయాలని సుప్రీంకోర్టు 2021లో రాహుల్ షా కేసులో ఆదేశించింది. అయినా, 2025లో అదే కోర్టు హైకోర్టుల నుంచి లెక్కలు తెప్పించినప్పుడు దేశం మొత్తం మీద 8 లక్షల 82 వేలకు పైగా ఇ.పి.లు పెండింగులో ఉన్నట్టు తేలింది. ఇ.పి. కూడా వెయ్యకుండా మా నాన్నగారిలా పెట్టెలో పెట్టుకొన్నవారు ఈ లెక్కలోకే రారు.

ఇంకొక ముఖ్య విషయం. డబ్బు డిక్రీ అమలుకు లిమిటేషన్ చట్టం ఇచ్చిన గడువు 12 సంవత్సరాలు. రేడియోధార్మిక పదార్థంలా ఇది కొద్దికొద్దిగా క్షీణించదు. పన్నెండో ఏడు నిండేదాకా పూర్తి విలువ ఉంటుంది, ఆ మర్నాడు ఒక్కసారిగా సున్న. మా డిక్రీకి ఆ గడువు 2030 జనవరి.

కొని వసూలు చేసుకోవచ్చునా?

ఆ మోటారుసైకిలు ఆయన చేసేది చట్టవిరుద్ధమేమోనని మొదట అనుమానపడ్డాను. కాదు. దావా వేసే హక్కును మాత్రమే విడిగా అమ్ముకోవటానికి ఆస్తి బదలాయింపు చట్టం ఒప్పుకోదు. కాని డిక్రీ అయిన తరువాత అది ఆస్తి అవుతుంది. కాగితం మీద రాసి బదిలీ చేసుకోవచ్చు. ఆర్డర్ 21, రూలు 16 ప్రకారం కొన్నవాడు తన పేరున ఇ.పి. వెయ్యవచ్చు. అయితే అమ్మినవాడికీ, బాకీదారుకీ కోర్టు నోటీసు ఇచ్చి, అభ్యంతరాలు విన్న తరువాతే ముందుకు వెళుతుంది. అసలు డిక్రీదారు మీద బాకీదారుకు ఏ హక్కులున్నాయో, కొన్నవాడి మీదా అవే ఉంటాయి.

ఇతరుల వ్యాజ్యాల్లో లాభం కోసం పెట్టుబడి పెట్టకూడదనే ఇంగ్లీషు నియమం మన దేశానికి వర్తించదని ప్రీవీ కౌన్సిల్ 1876లోనే తేల్చింది. కాని ఎదుటివాడి అవసరాన్ని పిండుకొనే దుర్మార్గపు బేరమైతే కోర్టు దాన్ని అమలు చెయ్యదని కూడా చెప్పింది. జడ్జీలు, న్యాయవాదులు, కోర్టు సిబ్బంది బాకీ హక్కులు కొనరాదని చట్టం నిషేధించింది. వసూలైనదానిలో వాటా మాట్లాడుకొని న్యాయవాది కేసు నడపటానికీ వీల్లేదు.

అమెరికాలో ఇది బాహాటంగా నడిచే చిన్న వ్యాపారం. కాలిఫోర్నియా రాష్ట్రంలో తీర్పుకు పదేళ్ల ఆయుష్షు ఉంటుంది, గడువు లోపల దాన్ని మళ్లీ పొడిగించుకోవచ్చు. గెలిచినవాడు బదిలీపత్రం రాసి ఇస్తే, దాన్ని కోర్టులో దాఖలు చేసి వసూలుదారు తానే డిక్రీదారు అవుతాడు. చాలామంది ముందుగా పైసా పెట్టరు. వసూలైనాక వాటా పంచుకొంటారు.

ఒక లెక్క

ఎవరైనా ఒక పట్టభద్రుడు ఈ పని మొదలుపెట్టాడనుకొందాము. లక్ష రూపాయల డిక్రీలు పది, పావు ధరకు కొన్నాడు. పెట్టుబడి రెండున్నర లక్షలు. ప్లీడరు ఫీజు, బత్తాలు, తిరుగుళ్లు కలిపి ఒక్కొక్కదానికి పదివేలనుకొంటే మరొక లక్ష. మొత్తం మూడున్నర లక్షలు. పదింటిలో మూడు పూర్తిగా వసూలైతే మూడు లక్షలే వస్తాయి, నష్టం. నాలుగు వసూలైతే యాభై వేలు మిగులుతాయి, అదీ కొన్నేళ్ల తరువాత. ఇవి నేను వేసుకొన్న ఉజ్జాయింపు అంకెలే. అయినా ఒక సంగతి స్పష్టం. ఈ వ్యాపారంలో లాభమంతా ఏ డిక్రీ కొనాలో ఎంచుకోవటంలోనే ఉన్నది. మంచి డిక్రీ అంటే న్యాయమైన డిక్రీ కాదు, బాకీదారు ఆస్తి కంటికి కనపడే డిక్రీ.

ఆస్తిని ఎలా కనిపెడతారు? సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో ఇ.సి. తీస్తారు. పొలమైతే అడంగలు చూస్తారు, తెలంగాణలో పహాణీ. బాకీదారు వెనుకటి చెక్కుల మీద బ్యాంకు పేరు ఉంటుంది. ఆ ఖాతాలోని సొమ్మును, అతనికి ఇతరులు ఇవ్వవలసిన సొమ్మును గార్నిషీ పద్ధతిలో పట్టవచ్చు. ఏమీ దొరక్కపోతే, నీకున్న ఆస్తుల జాబితా ప్రమాణపూర్వకంగా దాఖలు చెయ్యమని బాకీదారును కోర్టు ద్వారా కోరవచ్చు. ఇవ్వకపోతే మూడు నెలల దాకా సివిల్ జైలు ఉంటుంది.

ఇక ఆ పెద్దమనిషి రెండోసారి వచ్చినప్పటి సంగతి. బేరం పెంచమని నాన్నగారు అడిగితే ఆయన నవ్వి, సంచిలోంచి మరొక డిక్రీ నకలు తీసి చూపించాడు. "పెద్దాయనా, ఇలాంటిదైతే సగం ధరకైనా కొంటాను. మీదానికి పావే ఎక్కువ" అన్నాడు. నేను తొంగిచూశాను. బాకీదారు మా ఊరి రైతే. ప్రామిసరీ నోటు బాకీ. ఆయనకు రోడ్డు పక్కన రెండెకరాలు ఉన్నది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. లక్షల్లో వ్యాపారం చేసేవాడి మీద మా డిక్రీకి పావు ధర, రెండెకరాల రైతు మీద డిక్రీకి సగం ధర! కారణం చాలా తేలిక. వ్యాపారి దుకాణాన్ని భార్య పేర రాస్తాడు, ఖాతా మారుస్తాడు, మరీ తరుముకొస్తే ఐ.పి. పెడతాడు. రైతు భూమి ఎక్కడికీ పారిపోదు. సర్వే నంబరుతో సహా అందరికీ కనిపిస్తూ ఎండలో పడి ఉంటుంది. కాబట్టి ఈ వ్యాపారాన్ని దాని దారిన వదిలేస్తే, అది మా నాన్నగారివంటి వాళ్లకు డబ్బు రాబట్టదు. మా నాన్నగారివంటి వాళ్ల దగ్గరే డబ్బు రాబడుతుంది.

చట్టం పెట్టిన గట్లు

దక్కనులో ఇటువంటిదే ఒకసారి జరిగింది. 1875లో పూనా, అహమ్మదునగరు జిల్లాల రైతులు వడ్డీవ్యాపారుల ఇళ్ల మీద పడి పత్రాలు, డిక్రీలు తగలబెట్టారు. దాని ఫలితంగానే 1879లో దక్కను రైతుల సహాయ చట్టం వచ్చింది. పత్రం మీది అంకెను మాత్రమే నమ్మక, బాకీ పూర్వాపరాలు విచారించమని కోర్టులకు చెప్పింది. మద్రాసు రాష్ట్రంలో 1938లోనూ, ఆంధ్రప్రదేశ్‌లో 1977లోనూ రైతు రుణ విమోచన చట్టాలు వచ్చాయి.

ఇవికాక సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోనే కొన్ని గట్లు ఉన్నాయి. ఇవి ప్రతి పల్లెలోనూ తెలియవలసినవి:

1. సెక్షన్ 60 ప్రకారం రైతు వ్యవసాయ పనిముట్లు, జీవనానికి అవసరమైన పశువులు, విత్తనాలు, అతను కాపురముండే ఇల్లు, చేతివృత్తివాడి పనిముట్లు, కూలివాడి కూలి జప్తు చేయరాదు. జీతగాడి జీతంలో మొదటి వెయ్యి, మిగతాదానిలో మూడింట రెండు వంతులు ముట్టుకోరాదు. పొలానికి మాత్రం ఈ రక్షణ లేదు.

2. డబ్బు డిక్రీలో ఆడవారిని అరెస్టు చేయరాదు. మగవారినైనా బాకీ కట్టలేదన్న ఒక్క కారణాన జైలుకు పంపరాదు. శక్తి ఉండీ దుర్బుద్ధితో ఎగవేస్తేనే పంపాలని సుప్రీంకోర్టు 1980లో జాలీ జార్జి వర్గీస్ కేసులో చెప్పింది.

3. బాకీ తీరటానికి ఎంత చాలునో అంత ఆస్తినే వేలం వెయ్యాలి. అరెకరంతో తీరేదానికి రెండెకరాలు అమ్మరాదు. వేలం జరిగిపోయినా అరవై రోజుల్లో బాకీ మొత్తం, కొన్నవాడికి వేలం ధరపై నూటికి 5 చొప్పున కడితే వేలం రద్దవుతుంది.

4. కోర్టు బయట కట్టిన సొమ్మును కోర్టులో నమోదు చేయించాలి. డిక్రీదారు చేయించకపోతే, కట్టిన 30 రోజుల లోపల బాకీదారే అర్జీ పెట్టుకోవాలి. నమోదు కాని చెల్లింపును అమలు కోర్టు లెక్కలోకి తీసుకోదు.

5. రౌడీలను పెట్టి వసూలు చేసే పద్ధతి కూడదని 2007లో సుప్రీంకోర్టు ఒక బ్యాంకు కేసులో గట్టిగా చెప్పింది. డిక్రీ చేతిలో ఉన్నా తలుపు తట్టవలసింది కోర్టు అమీనాయే, ఎవడుపడితే వాడు కాదు.

మా ఇంటి సంగతి, ఊరి సంగతి

మా డిక్రీ అమ్మలేదు. నేనే ఇ.సి. తీయించాను. దుకాణం వ్యాపారి పేరనే ఉన్నది, భార్య పేరకు మారింది ఇల్లు మాత్రమే. ఇ.పి. వేశాము. రెండేళ్లు దాటిన డిక్రీ కాబట్టి మొదట నోటీసు వెళ్లింది, తరువాత దుకాణం జప్తు అయింది. గోడకు కాగితం అంటించిన పదిరోజులకే వ్యాపారి మనిషిని పంపాడు. ఇంతవరకు రెండు వాయిదాల్లో రూ. 90,000 ముట్టింది. రెండుసార్లూ మేమే కోర్టులో నమోదు చేయించాము. మిగతాది రావాలి. ఏడేళ్లు పెట్టెలో ఉంచినది, ఇ.సి. తీయించటానికి పెట్టిన కొద్ది డబ్బుతో కదిలిందంటే నాన్నగారు ఇప్పటికీ నమ్మరు.

రెండెకరాల రైతు దగ్గరకు కూడా వెళ్లాను. "బాబాయ్, నువ్వేమైనా కట్టావా?" అని అడిగాను. ముప్ఫయి వేలు కట్టాడట. చీటీ కూడా చూపించాడు. కాని కట్టి ఏడాదిన్నర అయింది, కోర్టులో నమోదు చేయించలేదు. ఆ ముప్ఫయి వేలు ఇక డిక్రీ లెక్కలోకి రావు. ఆ మాట చెప్పటానికి నాకు నోరు రాలేదు. అయినా చెప్పాను. ఎకరం అమ్మకుండా తీరేదారి ఉన్నదేమోనని ఇప్పుడు ఉచిత న్యాయసేవా కేంద్రం ప్లీడరుగారు చూస్తున్నారు.

మన కళాశాలలో చదివే పల్లె విద్యార్థులు చాలామంది. ఉద్యోగాలు దొరకని ఈ రోజుల్లో డిక్రీల వసూలు ఒక ఉపాధి కావచ్చు, చట్టం ఒప్పుకొంటుంది కూడా. ఎవరైనా మొదలుపెడితే కొనేముందు డిక్రీ మీద తేదీ, ఇ.సి. మాత్రమే కాదు, బాకీదారు ఎవరో కూడా చూడమని నా మనవి. వ్యాపారం చెయ్యనివాళ్లు ఈ సెలవుల్లో ఒక పని చెయ్యండి. ఇంటికి వెళ్లగానే ట్రంకుపెట్టె తెరిచి, అందులో డిక్రీ ఏదైనా ఉంటే దాని మీద తేదీ చూడండి. పన్నెండేళ్లలో ఎన్ని మిగిలాయో లెక్కపెట్టండి. పక్కింటి బాబాయి ఏదైనా బాకీ కడుతుంటే, నమోదు చేయించాడో లేదో అడగండి. ముప్ఫయి రోజులు దాటకముందే అడగండి.