పాల కేంద్రపు కంప్యూటరు చెడినపుడు పాత లెక్కలను కొత్త యంత్రమునకు మార్చు విధము

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతములు వానను నమ్ముకొన్న మెట్ట ప్రాంతములు. వేరుశనగ చేతికి రాని యేట చాల ఇండ్లు గడచునది పాడి వలననే. రైతుకు పక్షమునకొకసారి వచ్చు పాల పైకము గ్రామములోని పాల కేంద్రపు లెక్కపై ఆధారపడియున్నది. ఆ లెక్క నేడు చాలచోట్ల కంప్యూటరులో ఉండును. ఎన్నడో కొన్న యంత్రము, అంతకంటె పాతదైన ప్రోగ్రాముతో నడచు కేంద్రములకు ఈ సంగతులు ముఖ్యముగా పనికివచ్చును. పాలు పోయు రైతులును వీటిని తెలిసికొనుట మంచిది.

120 మంది రైతులు రెండు పూటల పాలు పోయు కేంద్రములో 15 దినములకు 3,600 పద్దులు అగును. బిల్లు వేయుటకు రెండు దినముల ముందు, ఉరుముల రాత్రి విద్యుత్తు హెచ్చుతగ్గులకు కంప్యూటరు ఆగిపోయినదనుకొందము. యంత్రము చెడుట వేరు, లెక్కలు పోవుట వేరు. తరచుగా కాలిపోవునది విద్యుత్తు నందించు పెట్టె గాని, మదర్‌బోర్డు గాని. లెక్కలుండు హార్డ్ డిస్కు చెక్కుచెదరక యుండవచ్చును. కావున మరమ్మతుకు ఇచ్చునపుడు "డిస్కును ఫార్మాటు చేయరాదు" అని కాగితముపై వ్రాసి యంత్రమునకే అంటించవలెను. నోటిమాట దుకాణములో రెండు చేతులు మారుసరికి నిలువదు.

డిస్కును ఊడదీయించి, తగిన కేబులుతో వేరొక కంప్యూటరుకు తగిలించి, అందున్నదంతయు నకలు తీసికొనవలెను. మిగిలిన పనియంతయు ఆ నకలుపైననే చేయవలెను. డిస్కు టకటకమని శబ్దము చేయుచున్నచో మరల మరల నడిపి చూడరాదు. నడిపినకొలది లెక్కలు దక్కు ఆశ తగ్గును. అట్టిదానిని లెక్కలు వెలికితీయు నిపుణులకు పంపవలెను. మన ప్రాంతమువారికి ఇందుకు బెంగుళూరు అనుకూలము.

పాత ప్రోగ్రాములు పెక్కు ఫాక్స్‌ప్రో పద్ధతిలో వ్రాసినవి. వాటి పద్దులు డి.బి.ఎఫ్. అను తోక గల ఫైళ్ళలో ఉండును. ఉచితముగా దొరకు లిబ్రే ఆఫీసులో వీటిని తెరచి చూడవచ్చును. రైతుల పద్దులు అచట కనిపించినచో సగము భయము తీరినట్లే.

ఇక ప్రోగ్రాము సంగతి. విండోస్ 11 అంతయు 64 బిట్ల పద్ధతి; డాస్ కాలపు ప్రోగ్రాము దానిపై నేరుగా నడవదు. డాస్‌బాక్స్ అను ఉచిత సాధనములో నడిపి చూడవచ్చును. విండోస్ ఎక్స్‌పీ కాలపుదైనచో వర్చువల్ బాక్స్‌లో పాత విండోస్‌ను నెలకొల్పి అందులో నడుపవచ్చును. కొత్త మిద్దెలో పాత వంటిల్లు కట్టుకొన్నట్టిది ఈ యేర్పాటు. ఎక్స్‌పీకి రక్షణ సవరణలు 2014 ఏప్రిల్ 8తో ఆగినవి గనుక ఆ భాగమునకు ఇంటర్నెట్టు ఇయ్యరాదు.

కాటాయు, వెన్న శాతము చూపు యంత్రమును 9 సూదుల తీగతో కలియునవైనచో, కొత్త కంప్యూటరుకు ఆ రంధ్రము సాధారణముగా ఉండదు. యు.ఎస్.బి. మార్పిడి తీగ కొని, ప్రోగ్రాము అడుగు పోర్టు సంఖ్యనే దానికి ఇయ్యవలెను. కొన్ని ప్రోగ్రాములకు పాత యంత్రము వెనుక బొటనవ్రేలంత తాళపు ముక్క తగిలించి యుండును. అది లేనిదే ప్రోగ్రాము తెరచుకొనదు. పాత సామానుతోపాటు పారవేయరాదు. తెలుగు పేర్లు అను ఫాంట్లలో టైపు చేసినవైనచో, ఆ ఫాంట్లు లేని యంత్రములో అర్థములేని అక్షరములుగా కనిపించును. కంగారుపడనక్కరలేదు. సభ్యుని సంఖ్యతో పద్దు సరిచూచుకొనవచ్చును.

అన్నిటికంటె జాగ్రత్త అవసరమైనది రేటు పట్టికయు, కొలత మార్పును. లీటరు పాలు సుమారు 1.03 కిలోలు తూగును. కాటా కిలోలలో చూపగా, లీటరు రేటు గల కేంద్రములో ప్రోగ్రాము బరువును 1.03తో భాగించును. కిలో రేటు గల కేంద్రములో భాగించరాదు. ప్రోగ్రామును కొత్తగా ఎక్కించినపుడు ఈ అమరిక మారిపోవచ్చును. కిలోకు 40 రూపాయల రేటు గలచోట పొరపాటున భాగించినచో, దినమునకు 10 కిలోలు పోయు రైతునకు 9.71 మాత్రమే లెక్కకు వచ్చును. పక్షమునకు సుమారు 175 రూపాయలు తగ్గును. ఒక్క పూట చీటీలో ఈ తేడా కంటికి ఆనదు, కావుననే ఇది ప్రమాదకరము.

ఇందుకు పరీక్ష సులువు. అచ్చైన గత పక్షపు బిల్లు ఒకటి తీసికొని, అవే పద్దులు కొత్త యంత్రములో వేసి, మొత్తము పైసలతో సహా సరిపోయినదో లేదో చూడవలెను. ఎక్కువ వెన్న, తక్కువ వెన్న గల రైతుల బిల్లులు రెండు మూడు వేసి చూచిన ఇంకను మంచిది. తరువాత ఒక పక్షము వరకు చేతిపుస్తకమును కూడ నడుపవలెను.

మదనపల్లె టమోటా మండీల లెక్కలకును ఈ పద్ధతియే వర్తించును. ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘములలోను ఇదే మార్పు జరుగుచున్నది. 63,000 సంఘముల కంప్యూటరీకరణకు కేంద్ర మంత్రివర్గము 2022 జూన్ 29న ఆమోదము తెలిపినది. అప్పున్న రైతు, ఖాతా మారిన పిమ్మట తన బాకీని రసీదులతో సరిచూచుకొనవలెను.

లెక్కల నకలు వారమునకొకసారి తీసి, కేంద్రములో గాక వేరొక ఇంట ఉంచవలెను. పాత డిస్కుపై తేదీ వ్రాసి, ఆ సంవత్సరపు ఆడిట్ ముగియువరకు భద్రపరచవలెను. అందు రైతుల బ్యాంకు ఖాతా సంఖ్యలుండును గనుక తరువాతనైనను పాత ఇనుము వానికి అమ్మరాదు, సుత్తితో పగులగొట్టించవలెను.