వెక్కిరింత పాట కట్టే కుర్రాళ్ళకు

నరసరావుపేట చుట్టుపక్కల పద్యనాటకాలకూ, అప్పుడప్పుడూ బుర్రకథలకూ హార్మోనియం వాయిస్తూ ముసలివాణ్ణయ్యాను. ఇప్పుడు మాచర్ల, గురజాల కుర్రాళ్ళు కీబోర్డు ముందు కూర్చుని సొంతంగా వ్యంగ్యపు పాటలు కట్టుకుంటున్నారు. ఆ పాటలంటే నాకు ప్రాణం. అందుకే ఇవి రాస్తున్నాను.

1. బాణీ నవ్వకూడదు. మాట వెక్కిరిస్తున్నప్పుడు మెట్ల మీద వేళ్ళు కూడా కోతిచేష్టలు చేస్తే జనానికి రెండూ దక్కవు. అమెరికాలో ర్యాండీ న్యూమన్ అని పియానో వాయిస్తూ తన పాటలు తానే పాడే ఆయన ఉన్నాడు. 1972లో వచ్చిన ‘సెయిల్ అవే’ ఆల్బం మొదటి పాటలో, బానిసల వ్యాపారి ఒకడు ఆఫ్రికా వాళ్ళకు అమెరికాను స్వర్గంలా వర్ణిస్తాడు. బాణీ ఎంతో తీయగా సాగుతుంది. ఆ మాటలంటున్నది ఎవడో తెలిసేసరికి, ఆ తీపి వల్లే ఒళ్ళు జలదరిస్తుంది.

2. పాత్ర మాటను పాడేవాడి మాటగా తీసుకునేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. న్యూమనే 1977లో ‘షార్ట్ పీపుల్’ పాడాడు. పొట్టివాళ్ళంటే కారణం లేకుండా మండిపడే ఒక మూర్ఖుడి పాట అది. మధ్యలో మనుషులంతా ఒకటేనన్న చరణం కూడా పెట్టాడు. అయినా చాలామంది నొచ్చుకున్నారు, కొన్ని రేడియో స్టేషన్లు ఆ పాట వెయ్యబోమన్నాయి. పాట మాత్రం అమెరికా పట్టికలో రెండో స్థానం దాకా వెళ్ళింది. నొచ్చుకున్నవాళ్ళను తెలివితక్కువవాళ్ళనొద్దు అబ్బాయీ. అలాంటి పాట వచ్చిన మర్నాడు బళ్ళో పొట్టి పిల్లవాడు పడే బాధ నిజమైనదే.

ఏ మాట ఎవరిదో తెలియని ఈ చిక్కును మన బుర్రకథ ఎప్పుడో విప్పింది. మధ్యన తంబురాతో కథకుడు, ఒక పక్క రాజకీయం చెప్పే వంత, ఇంకో పక్క హాస్యం చెప్పే వంత. హాస్యగాడు అడ్డదిడ్డంగా మాట్లాడితే కథకుడు అక్కడికక్కడే నిలదీస్తాడు. ఏ మాట ఎవరిదో చివరి వరసలో కూర్చున్న అవ్వకు కూడా తెలిసిపోతుంది. ఒంటరిగా పాడే నీకు వంతలు లేరు. వాళ్ళ పని కూడా నీ గొంతే చెయ్యాలి. మూర్ఖుడి చరణానికి ఒక గొంతు పెట్టుకో. అది అయ్యాక ఒక్క మెట్టు మీద ఆగి జనం ముఖాలు చూడు.

3. ఊరిని ప్రేమించినవాడే ఊరిని వెక్కిరించాలి. మహాకవి శ్రీనాథుడి పేరు మీద ఉన్న చాటువుల్లో మా పల్నాడుకు పడినన్ని చురకలు తక్కువ సీమలకు పడి ఉంటాయి. మా జొన్నకూడు, మా నీటి ఎద్దడి, మా రాళ్ళు, దేన్నీ వదల్లేదు. ఆ పద్యాలను నోటికి అప్పజెప్పి నవ్వుకున్నది మా తాతలే! నాగార్జునసాగర్ నుంచి 1967లో నీళ్ళు వదిలేదాకా మా మెట్టపొలాలకు వానే దిక్కు కాబట్టి, ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదని వాళ్ళకు తెలుసు. అంతకంటే పెద్ద కారణం ఇంకోటుంది. పల్నాటి వీరచరిత్రను ద్విపదలో చెప్పిందీ శ్రీనాథుడేనంటారు. మా వీరులు బ్రహ్మనాయుణ్ణీ బాలచంద్రుణ్ణీ అంత ఎత్తున నిలబెట్టిన మనిషి రెండు మాటలంటే పడతాం. ఊరి మీద ఏ ప్రేమా లేనివాడు అవే మాటలంటే మా కారెంపూడి దాటనివ్వం.

4. రెండు పార్టీలున్న ఊళ్ళో ఒక్క పార్టీనే వెక్కిరిస్తే అది కరపత్రం. పేర్లు పెట్టొద్దు, బుద్ధిని పట్టుకో. చెరువు గట్టు ఆక్రమించే బుద్ధి రెండు వైపులా దొరుకుతుంది.

5. భయపడే సర్కారు కూడా శ్రోతే. తెల్లదొరల కాలంలో మద్రాసు ప్రభుత్వమూ, అటు నిజామూ బుర్రకథను నిషేధించారు. చివరికి పల్నాటి యుద్ధాన్ని అదే బుర్రకథగా ఊరూరా వినిపించిన పొన్నెకల్లు నాజర్‌కు 1986లో సర్కారే పద్మశ్రీ ఇచ్చింది.

6. ఆల్బం రికార్డు చేసే ముందు జనంలో పాడు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నవాడు ఒక్కడే నవ్వుకుంటాడు, అది నీకు వినపడదు. కోటప్పకొండ తిరణాలలో అయితే నవ్వు ఒక మూల పుట్టి ప్రభల దాకా పాకుతుంది. నవ్వు ఆలస్యమైన చోట పదం బరువెక్కిందన్నమాట, దాన్ని తేలిక చెయ్యి. నవ్వుతున్న జనం ఒక్కసారిగా ఆగిపోయిన చోటును మాత్రం ముట్టుకోవద్దు. పాట అయ్యాక ఎవరో ఒకరు నీ దగ్గరికొచ్చి “ఆ చరణం ఎవరి మీద కట్టావు?” అని అడుగుతారు. పేరు చెప్పొద్దు. కూర్చోబెట్టి, టీ తెప్పించి, ఆ చరణమే మళ్ళీ పాడి వినిపించు.