దారిలో ఆగిన ఇల్లు

పాఠ్యభాగ ఉద్దేశం

ఒప్పందపత్రాల భాషను శ్రద్ధగా చదివి అర్థం చేసుకోవడం నేటి జీవితంలో అందరికీ అవసరమైన నేర్పు. ఒక్క విశేషణం ఉండడం, లేకపోవడం వల్ల ఒక హామీ విలువ ఎంతగా మారిపోతుందో, అమెరికాలోని మోటార్ హోమ్ ప్రయాణికులు రోడ్డు సహాయ పథకాన్ని ఎంచుకొనే తీరు ద్వారా విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

ఇంటిని వెంటబెట్టుకొని ప్రయాణించడం మనవారికి కొత్త కాదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో చెన్నపట్టణం నుంచి కాశీకి బయలుదేరినప్పుడు పల్లకీలు, డేరాలు, బోయీలు, పరిచారకులు కలిసి దాదాపు నూరుమంది పరివారం ఆయన వెంట నడిచింది. 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చేవరకు ఆ పరివారమే ఆయనకు ఇల్లు, వాకిలి. దారిలో ఏది చెడినా సరిచేయడానికి పది చేతులు పక్కనే ఉండేవి.

ఈనాడు అమెరికాలో ఆ ముచ్చట తీర్చుకోవడానికి మోటార్ హోమ్ అనే వాహనం ఉన్నది. బస్సు చట్రం మీదనో, వ్యాను చట్రం మీదనో ఒక చిన్న ఇంటిని అమర్చినట్లుగా దీనిని నిర్మిస్తారు. లోపల మంచాలు, పొయ్యి, ఫ్రిజ్, స్నానాలగది, నీళ్ల ట్యాంకు ఉంటాయి. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలలో కొందరు స్వదేశం నుంచి వచ్చిన తల్లిదండ్రులను తీసుకొని, ఇటువంటి వాహనాన్ని అద్దెకు మాట్లాడుకొని, వేసవి సెలవులలో జాతీయ పార్కులను చూసి వస్తారు. హోటలు తిండి పడని పెద్దలకు వేళకింత పప్పన్నం వండిపెట్టవచ్చు. ఆగినచోట వారు నడుము వాల్చవచ్చు. అయితే వీరాస్వామయ్య వెంట నడిచిన నూరుమంది ఈ ప్రయాణంలో ఉండరు. వారి స్థానంలో ఒక టెలిఫోన్ నంబరు, ఆ నంబరు వెనుక ఒక ఒప్పందపత్రం ఉంటాయి. దానినే రోడ్డు సహాయ పథకం అంటారు.

ఇటువంటి సహాయానికి ఆ దేశంలో పెద్ద చరిత్రే ఉన్నది. 1902లో తొమ్మిది మోటారు క్లబ్బులు షికాగోలో కలిసి అమెరికన్ ఆటోమొబైల్ అసోసియేషన్‌ను ఏర్పరచాయి. ట్రిపుల్ ఏ అని జనం పిలిచేది దీనినే. మోటార్ హోమ్‌లవారి కథ కొంత భిన్నమైనది. 1966లో యూటా రాష్ట్రానికి చెందిన ఒక ప్రయాణికుడు ఒక పత్రికకు ఉత్తరం రాస్తూ, దారిలో ఆగినవారికి సాయపడదలచినవారు తమ బండ్లకు ఒక గుర్తు అంటించుకొంటే బాగుంటుందని సూచించాడు. ఆ ఆలోచన నుంచి పుట్టినదే గుడ్ శామ్ క్లబ్బు. దాని పేరు మీద నేడు నడుస్తున్నది మాత్రం డబ్బు కట్టి చేరవలసిన పథకం. మంచితనం స్థానంలో ఒప్పందం వచ్చింది. దానిని తప్పుపట్టవలసిన పని లేదు. మంచితనాన్ని నిలదీసి అడగలేము, ఒప్పందాన్ని అడగవచ్చు. కాని దేనిని అడగవచ్చునో ముందుగా చదివి ఉండాలి.

ఒక సందర్భాన్ని ఊహించుకొందాం. నెవాడా రాష్ట్రంలో 50వ నంబరు జాతీయ రహదారి ఉన్నది. 1986లో లైఫ్ పత్రిక దీనిని అమెరికాలోకెల్లా ఒంటరి రహదారి అని పేర్కొన్నది. నిందగా వచ్చిన ఆ మాటనే రాష్ట్రం బిరుదుగా మార్చుకొని దారి పొడవునా బోర్డులు పెట్టుకొన్నది. ఈ దారిలో ఫాలన్ నుంచి ఆస్టిన్‌కు సుమారు 110 మైళ్లు, ఆస్టిన్ నుంచి యురేకాకు 70 మైళ్లు, యురేకా నుంచి ఈలీకి 77 మైళ్లు. ఈ ఆస్టిన్ ఒక చిన్న ఊరు. టెక్సాస్ రాజధాని వేరు. ఊరికీ ఊరికీ నడుమ ఇళ్లు కనిపించవు, చాలాచోట్ల సెల్‌ఫోనుకు సిగ్నల్ అందదు. ఆస్టిన్‌కు, యురేకాకు సరిగ్గా మధ్యలో ఒక మోటార్ హోమ్ ఆగిపోయింది. అందులో భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, గుంటూరు నుంచి వచ్చిన తాతయ్య ఉన్నారు. తాతయ్యకు మధుమేహం. ఆయన ఇన్సులిన్ ఫ్రిజ్‌లో ఉన్నది. ఇంటి యజమాని ఎలాగో సిగ్నల్ అందే చోటు వెదికి సహాయ కేంద్రానికి ఫోను చేశాడు. అవతలివారు అడిగిన మొదటి ప్రశ్న: మీ వాహనం బరువెంత?

ఈ ప్రశ్నకు జవాబు తెలియనివారు పథకాన్ని సరిగా ఎంచుకోలేరు. సాధారణమైన కారు బరువు ఒకటిన్నర నుంచి రెండు టన్నులు. మోటార్ హోమ్‌లలో మూడు తరగతులు ఉన్నాయి. వ్యానునే ఇల్లుగా మార్చిన చిన్న బండి బి తరగతికి చెందుతుంది. సామానుతో కలిపి దాదాపు ఐదు టన్నుల వరకు తూగుతుంది. డ్రైవరు క్యాబిన్ పైన కూడా పడక ఉండే సి తరగతి బండ్లలో చాలావాటికి గరిష్ఠ బరువు ఆరున్నర టన్నుల లోపు. బస్సువలె కనిపించే ఎ తరగతి బండ్లలో పెట్రోలుతో నడిచేవి పన్నెండు టన్నుల దాకా, పెద్ద డీజిలు బండ్లు పద్దెనిమిది టన్నులు, అంతకు పైన కూడా ఉంటాయి. కార్లను ఎత్తుకొని పోయే టోయింగ్ వాహనం వీటిని కదిలించలేదు. అందుకు బరువైన లారీలను లాగే వాహనం రావాలి. అది ప్రతి ఊరిలోనూ ఉండదు. తన షెడ్డు నుంచి కదిలిన నిమిషం నుంచే దాని అద్దె మొదలు కావచ్చు.

బరువుతోనే కథ ముగియదు. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఉన్న బండిలో ఇంజను తిరిగినప్పుడే గేర్‌బాక్స్‌కు ఆయిల్ అందుతుంది. ఇంజను ఆగి ఉండగా చక్రాలు దొర్లిస్తూ లాక్కొనిపోతే పళ్లచక్రాలు ఆయిల్ లేకుండా తిరిగి పాడవుతాయి. అందుచేత ముందుగా డ్రైవ్ షాఫ్ట్‌ను విప్పవలసి ఉంటుంది. పెద్ద డీజిలు బండ్లకు మన ఆర్టీసీ బస్సుల మాదిరిగా ఎయిర్ బ్రేకులు ఉంటాయి. గాలి ఒత్తిడి పడిపోతే స్ప్రింగులు చక్రాలను పట్టేస్తాయి. వచ్చినవారు తమ వాహనం నుంచి గాలి అందించి ఆ పట్టు విడిపించాలి. ఈ పనులు తెలియనివాడు వస్తే చిన్న మరమ్మతు పెద్దదవుతుంది. కార్ల కోసం రాసిన పథకాన్ని మోటార్ హోమ్‌కు కూడా సరిపోతుందిలే అని తీసుకోవడం ఇందుకే ప్రమాదం. ట్రిపుల్ ఏ వంటి సంస్థలో సైతం సాధారణ సభ్యత్వం మోటార్ హోమ్‌ను లాగడానికి పనికిరాదు. అదనపు రుసుము చెల్లించి, పై స్థాయి సభ్యత్వంలో ఆ సౌకర్యాన్ని ప్రత్యేకంగా చేర్చుకోవాలి. పైగా అది ప్రాంతీయ క్లబ్బుల సమాఖ్య. ఒక రాష్ట్రంలోని స్నేహితుడు చెప్పిన నిబంధన మరొక రాష్ట్రంలో అక్షరాలా వర్తించకపోవచ్చు.

ఇక దూరం. పథకాలు దీనిని రెండు విధాలుగా లెక్కిస్తాయి. కొన్ని మైళ్ల పరిమితి విధిస్తాయి. నూరు మైళ్లు తరచుగా కనిపించే పరిమితి. మరికొన్ని మైళ్లు లెక్కపెట్టక సమీపంలోని మరమ్మతు కేంద్రానికి చేరుస్తామంటాయి. వినడానికి రెండవదే మేలుగా తోస్తుంది. కాని మనం అనుకొన్న కుటుంబానికి యురేకా 35 మైళ్ల దూరంలో ఉన్నది. అక్కడ కార్లు బాగుచేసే ఒక చిన్న షెడ్డు ఉన్నదనుకొందాం. దాని తలుపు ఎత్తు పది అడుగులు, బండి ఎత్తు పన్నెండు అడుగులు. ఒప్పందంలో “సమీప మరమ్మతు కేంద్రం” అని మాత్రమే ఉంటే సంస్థ బండిని ఆ షెడ్డు ముందు దింపి, తన బాధ్యత తీరిందని చెప్పవచ్చు. “సమీపంలోని అర్హతగల మరమ్మతు కేంద్రం” అని ఉంటే ఆ బండిని నిజంగా బాగుచేయగల చోటికి తీసుకొనిపోక తప్పదు. ఆ చోటు ఈలీలో ఉన్నదనుకొంటే దూరం 112 మైళ్లు. నూరు మైళ్ల పథకం గలవారు మిగిలిన పన్నెండు మైళ్లకు తామే చెల్లించాలి; అది భరించదగినదే. మొదటి రకం ఒప్పందం గలవారు యురేకా నుంచి ఈలీకి 77 మైళ్ల ప్రయాణానికి మొత్తం సొమ్ము చెల్లించాలి. “అర్హతగల” అనే ఒక విశేషణం ఖరీదు ఆ 77 మైళ్లు. వ్యాకరణం మార్కుల కోసమే చదువుతామనుకొనేవారు ఈ లెక్కను ఒకసారి వేసి చూడవలసినదే.

టైర్ల విషయమూ ఇటువంటిదే. టైరు మార్చి ఇస్తామని పథకాలు చెబుతాయి. దాని అర్థం వాహనంలో ఉన్న స్టెప్నీని బిగించి ఇస్తామని. ఎ తరగతి బండ్లలో చాలావాటికి స్టెప్నీయే ఉండదు; ఆ టైరు ఒకరు ఎత్తగలిగేది కాదు. అప్పుడు కొత్త టైరును దారికి తెచ్చి ఇచ్చే సౌకర్యం ఉన్నదా అని చూడాలి. తెచ్చినందుకు కూలి పథకానిది, టైరు ధర మనది. పైగా ఈ బండ్లు ఎక్కువ కాలం నిలిచే ఉంటాయి కనుక టైర్లు అరగకముందే వయసు మళ్లుతాయి. టైరు పక్కన ముద్రించిన గుర్తులో చివరి నాలుగు అంకెలు అది తయారైన వారాన్ని, సంవత్సరాన్ని తెలుపుతాయి. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం ఇరవైమూడవ వారం. బయలుదేరే ముందు ఆ అంకెలు చదవడానికి ఏ పథకమూ అక్కరలేదు.

మోటార్ హోమ్ సగం బండి, సగం ఇల్లు. పథకాలు బండిని పట్టించుకొంటాయి గాని ఇంటిని అంతగా పట్టించుకోవు. గదిని వెడల్పు చేయడానికి బయటికి జరిపే గోడ లోపలికి రాకపోతే ఇంజను ఎంత బాగున్నా బండి కదలదు. నిలిపినప్పుడు నేలకు ఆనించిన జాకీలు పైకి లేవకపోయినా అంతే. ఇటువంటి సందర్భంలో దారికి మెకానిక్‌ను పంపుతారా, పంపితే అతని కూలి ఎవరిది అనే ప్రశ్న అడగవలసినది. మన తాతయ్యగారి ఇన్సులిన్ సంగతి కూడా ఇక్కడే వస్తుంది. ఈ బండ్లలో చాలావాటి ఫ్రిజ్‌లు గ్యాసుతో కూడా పనిచేస్తాయి, కాని వాటి నియంత్రణకు ఇంటి బ్యాటరీ కావాలి. బండి బాగా వాలి నిలిస్తే అవి సరిగా చల్లబరచవు. రోడ్డు పక్కన ఒరిగి ఆగిన బండిలో నాలుగైదు గంటలు గడపడమంటే ఏమిటో, సహాయం ఎన్ని గంటలలో వస్తుందని అడగడం ఎందుకో దీనివల్ల తెలుస్తుంది. నేను వెళ్లేవాడినైతే ఒక చిన్న ఐసు పెట్టెను కూడా పెట్టుకొంటాను. ఇన్సులిన్ మంచుగడ్డకు తగిలి గడ్డకట్టకుండా చూసుకొంటే చాలు.

మినహాయింపుల పుట చివరలో, చిన్న అక్షరాలలో ఉంటుంది. మట్టిరోడ్డు మీద ఆగితే రామని కొందరు, రోడ్డు అంచు నుంచి ఇన్ని అడుగులు దాటి దిగబడితే లాగమని కొందరు రాస్తారు. వెనుక తగిలించుకొన్న కారును ఎవరు తీసుకొనిపోతారో కొన్ని పత్రాలు చెప్పనే చెప్పవు. చేరిన మొదటి రెండు మూడు రోజులు సేవ అందించనివి ఉన్నాయి. సంవత్సరానికి ఇన్నిసార్లే అని పరిమితి పెట్టేవి ఉన్నాయి. వాహనబీమాలో భాగంగా వచ్చే సహాయంలో ఒక్కొక్కప్పుడు మనమే ముందు డబ్బు చెల్లించి, రసీదు పంపి, తరువాత రాబట్టుకోవలసి ఉంటుంది. చేతిలో సొమ్ము లేనివానికి ఆ హామీ నడిరోడ్డు మీద ఉపయోగపడదు. బండిని అద్దెకు తీసుకొన్నవారు వేరే పథకం కొనే ముందు అద్దె ఒప్పందాన్నే చదవాలి. యజమానికి చెప్పకుండా ఇతరులచేత మరమ్మతు చేయిస్తే ఆ ఖర్చు తిరిగి రాకపోవచ్చు.

మన దేశంలో మోటార్ హోమ్‌లు ఇంకా అరుదే. కేరళ ప్రభుత్వం 2021లో కారవాన్ పర్యటనల విధానాన్ని ప్రకటించింది. కాని ఆ భాష మాత్రం మన ఇంటికి ఎప్పుడో వచ్చింది. కారుకో, మోటారు సైకిలుకో బీమా చేయించేటప్పుడు కొంత అదనపు రుసుముతో రోడ్డు సహాయాన్ని చేర్చుకొనే వీలున్నది. జాతీయ రహదారులపై ఆపదలో ఉన్నవారు 1033 నంబరుకు ఫోను చేయవచ్చు. విజయవాడ దారిలోనో, కర్నూలు దారిలోనో బండి ఆగినప్పుడు “సమీప” అనే మాట అక్కడ ఏమి చెబుతున్నదో ఇంట్లో కూర్చొని చదివి ఉంచుకోవడం కష్టమైన పని కాదు.

నెవాడాకు మళ్లీ వద్దాం. ఆ కుటుంబ యజమాని ప్రయాణానికి వారం ముందు సహాయ సంస్థకు ఫోను చేసి, బండి పొడవు, ఎత్తు, బరువు చెప్పి, ఈ కొలతలు గల వాహనాన్ని మీరు లాగుతారా, ఎక్కడికి లాగుతారు అని అడిగి, జవాబును రాతపూర్వకంగా తెప్పించుకొన్నాడనుకొందాం. బరువు ఎంత అన్న ప్రశ్నకు అతడు తడుముకోడు. రహదారి పక్కన పాతిన మైలురాయి అంకె చదివి చెబుతాడు. ఇంట్లో మధుమేహం ఉన్న వృద్ధుడున్నాడని కూడా చెబుతాడు. ఆ తరువాత చేయవలసినది బండికి కాస్త దూరంలో ఎరుపు త్రికోణాలు నిలబెట్టడం, తాతయ్యను నీడపట్టున కూర్చోబెట్టడం, ఈలీ దిక్కు నుంచి వచ్చే పెద్ద బండి కోసం చూడడం.

ప్రశ్నలు

1. “సమీప మరమ్మతు కేంద్రం”, “సమీపంలోని అర్హతగల మరమ్మతు కేంద్రం” అనే పదబంధాల మధ్యగల భేదాన్ని పాఠం ఆధారంగా వివరించండి.

2. పెద్ద మోటార్ హోమ్‌ను లాక్కొనిపోవడం కారును లాక్కొనిపోవడం కంటె ఎందుకు కష్టం?

3. మీ ఇంటిలోని వాహనబీమా పత్రాన్ని చదివి, అందులోని మినహాయింపులలో ఒకదానిని మీ సొంతమాటలలో రాయండి.