పాపకు అత్త రాసేది

బద్వేలు

పాపా,

ఫోన్ చేస్తే నీ నిద్ర చెడుతుందని కాగితం రాస్తున్నాను. “పగలంతా పడుకుంటాది, లేపితే కసురుకుంటాది” అని మీ అమ్మ అంగలారుస్తోంది. వదినెకు చెప్పాల్సింది చెప్పినాను. ఇక నీ సంగతి.

ఆసుపత్రిలో నైట్ డ్యూటీ కొన్నాళ్లకు అలవాటైపోతుందిలే అంటారు మీ సీనియర్లు. నమ్మొద్దు. ముప్పైయేండ్లు నైట్లు చేసిన నాకే కాలేదు. అది చేతకానితనమేం కాదు. ఒంట్లో ఒక గడియారముంది, వెలుతురు చూసి నడుస్తాది. అదెట్ల నడుస్తాదో ఈగల్లో కనిపెట్టిన ముగ్గురికి 2017లో నోబెల్ ఇచ్చినారు. ఏండ్ల తరబడి నైట్లు చేసినా ఆ గడియారం పూర్తిగా తిరగబడేది ఎక్కడో కొద్దిమందికే. అందుకే పొద్దున పడుకుంటే నాలుగైదు గంటల నిద్రకే మెలకువొస్తాది.

తెల్లారుజామున మూడు, నాలుగు గంటలప్పుడు జాగ్రత్త. ఒళ్లు చల్లబడే వేళ అది. ఒకసారి ఆ వేళప్పుడే, డిస్టిల్డ్ వాటర్ అనుకొని పొటాషియం క్లోరైడ్ ఆంప్యూల్ విరిచి సిరంజిలోకి లాగేసినాను. ఎందుకో ట్రేలో పడేసిన గాజుముక్క తిప్పి చూస్తే పేరు కనబడింది. చేతులు వణికి సిరంజి కింద పడింది. ఏ ఆసుపత్రో ఇప్పుడెందుకులే. అప్పటినుంచి మందు పేరు పైకి చదివేదాన్ని, ఆయాలు నవ్వేవాళ్లు. నువ్వూ చదువు, నవ్వితే నవ్వనీ.

రాత్రి రెండు దాటినాక టీ మానెయ్. ఐదు గంటలు గడిచినా దాని సగం సత్తువ ఒంట్లోనే ఉంటాది.

అసలు నా భయం నీ స్కూటీ. నైట్ల మొదటిరోజు పొద్దున ఆరింటికి లేస్తావు. రాత్రి పదకొండయ్యేసరికి 17 గంటల మెలకువ. అంతసేపు మేలుకున్న మనిషి తడబాటు, రక్తంలో 0.05 శాతం మద్యమున్నోడి తడబాటుతో సమానమని 1997లో ఆస్ట్రేలియావాళ్లు లెక్కగట్టినారు. మన చట్టం బండి నడిపేవాళ్లకు ఒప్పుకునేది 0.03. నువ్వేమో మర్నాడు పొద్దున ఎనిమిదింటికి ఇక్కడినుంచి పోరుమామిళ్లకు, మీ ఇంటికి బండి తీస్తావు, 26 గంటల మెలకువతో! పోలీసోళ్లు గొట్టం ఊదించినా దొరకవు, అదే మోసం. నేను కడపలో చేసేటప్పుడు బద్వేల్లో దిగాల్సిందాన్ని, బస్సులో నిద్రపోయి పోరుమామిళ్ల స్టాండులో లేచినాను. కండక్టరు టికెట్టు డబ్బులు కూడా అడగలేదు పాపం. బస్సు కాబట్టి సరిపోయింది.

కాబట్టి మొదటి నైటుకు పోయేముందు మధ్యాహ్నం రెండు గంటలన్నా పడుకో. డ్యూటీ దిగినాక మన ఇంటికొచ్చెయ్. వచ్చేటప్పుడు నల్లద్దాలు పెట్టుకో, పొద్దుటెండ కంట్లో పడితే గడియారం ఇంకా మొరాయిస్తాది. వెనక మిద్దెగది నీకే. మే నెల్లో కూడా అది అంత వేడెక్కదు, కిటికీకి తడిపిన గోనెపట్ట కడతాను. కరెంటు పోతే మటుకు నేనేం చేయలేను. సంగటి మూతపెట్టి ఉంచుతాను, లేచినప్పుడు తిను. మధ్యాహ్నం తిండికి లేపే అలవాటు మీ అమ్మది, నాది కాదు. సాయంత్రం బాగా తెలివొచ్చినాక ఊరికి పో.

బీగంచెవి ఈ కవర్లోనే ఉంది. వాకిలి కొంచెం పైకెత్తి తొయ్యాలి.

మీ అత్త